లీవాకు తిరిగిచ్చిన రొయ్య

మా బామ్మర్ది బెర్నాల్ ట్రాప్‌కి ముప్పై నాలుగేళ్ళు. సముద్రం ఒడ్డున మా ఊరు కౌకిరాలో వాడి ఇంటి గుమ్మం పక్కన ఒక బల్ల ఉంది. పొద్దున్నే వాడి పెళ్ళాం ఎల్వీరా, మా ఆవిడ కలిసి వాణ్ణి ఎత్తి దానిమీద కూర్చోబెడతారు. నడుము కింద వాడికి ఏమీ తెలియదు. నోరు మాత్రం ఇంకా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దారినపోయే ఒక్కణ్ణీ ఊరికే పోనివ్వడు. మా ఊళ్ళో గుమ్మాల దగ్గర అలాంటి బల్లలు చాలా ఉన్నాయి.

పదహారో ఏట నుంచీ వాడిది రాతిరొయ్యలు పట్టే పని. వాడు అడుగుకి మునిగితే, నేను పైన దోనెలో తెడ్డు పట్టుకుని వాడి గాలిబుడగల వెంట పోయేవాణ్ణి. పెద్ద పడవ మా దోనెల్ని ఎక్కించుకుని పన్నెండేసి రోజులు సముద్రంలో తిప్పేది. రొయ్యల తలలు అక్కడే విరిచేసేవాళ్ళం. తోకలు మంచులో పడుకుని ఉత్తరాన డబ్బున్న దేశానికి పోతాయి. తలలు మా పులుసులోకి వస్తాయి. ఆ తోకల పెట్టెల అట్టలతోనే మా ఇంటి గోడ కంతలు మూసుకున్నాం. అట్టమీద తెల్ల పళ్ళెం, నిమ్మచెక్క, మధ్యలో సరిగ్గా పట్టినట్టు ఒక తోక ఉంటాయి. ఆ బొమ్మ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ వానాకాలం గోడకి అట్ట కావాలి.

మా నాన్న రోజుల్లో ఊపిరి బిగబట్టి దిగితే దొరికేవట. ఇప్పుడు ఇరవై బారల లోతుకి పోవాలి, వీపుకి కట్టుకునే గాలి సిలిండర్లు రోజుకి పన్నెండు ఖాళీ చెయ్యాలి. నేను కొన్నాళ్ళు దీవుల్లో కూలికి పోయాను. అక్కడికి ఆ డబ్బున్న దేశం వాళ్ళే విమానాల్లో వచ్చి, సరదాకి మునుగుతారు. ఎంత లోతు దిగారో, ఎంత నెమ్మదిగా పైకి రావాలో చెప్పే గడియారం ఒక్కొక్కరి చేతికీ ఉంటుంది. రోజుకి రెండుసార్లు మునిగి, మిగతా పొద్దంతా పడక్కుర్చీల్లో పడుకుంటారు. సముద్రం మాత్రం అదే.

ఆ సంగతి చెబితే బెర్నాల్ పడీపడీ నవ్వాడు. "నీళ్ళలో గడియారమేంటి బావా? బస్సేమన్నా తప్పిపోతుందా వాళ్ళకి?"

ఆఖరిసారి పడవెక్కేముందు ఎల్వీరా వాడి చొక్కా పట్టుకుంది. "చిన్నవాటి జోలికి పోకు. లీవా ఊరుకోదు."

లీవా నీళ్ళ అడుగున ఉండే ఆడది. చేపలూ రొయ్యలూ ఆవిడ సొత్తు. ఆశపోతుగా తీసుకుంటే కాళ్ళు విరగ్గొడుతుంది. ఊళ్ళో బల్లలమీద కూర్చున్న వాళ్ళందరినీ ఆవిడే కొట్టిందని మేం నమ్ముతాం. నేనూ నమ్మాను.

కానీ పడవ కదలగానే కెప్టెన్ అందర్నీ పిలిచి చెప్పాడు. "ఈసారి చిన్నవే కావాలట. పళ్ళెంలో పట్టాలట. పెద్దవి తెచ్చి నా నెత్తిన పెట్టకండి."

తొమ్మిదో రోజు, పొద్దు వాలే వేళ. పదో సిలిండర్ అయిపోయి బెర్నాల్ పైకొచ్చాడు. దోనెలోకి ఒక చిన్న రొయ్యని విసిరాడు. దాని పొట్టనిండా గుడ్లున్నాయి. దోనెలోకి ఎక్కీ ఎక్కగానే భుజం పట్టుకుని ముడుచుకుపోయాడు.

"కొట్టింది బావా. గుడ్ల తల్లిని పట్టాను కదా, కొట్టేసింది."

"కాసేపు పడుకోరా."

"కాదు, దీన్ని తిరిగిచ్చేస్తా. ఇంకో సిలిండరియ్యి."

"పైనుంచి వదిలెయ్. అదే పోతుంది."

"దాని ఇల్లు దానికి దొరకొద్దా? తెచ్చినచోటే పెట్టాలి. ఇయ్యి బావా!"

ఇచ్చాను. నా చేత్తోనే వాడి వీపుకి కట్టాను. రొయ్యని గుండెకి హత్తుకుని దిగాడు.

కాసేపటికి నవ్వుతూ పైకి తేలాడు. "అడుగుకి పోగానే నొప్పి పోయింది బావా! క్షమించేసింది!" నేనూ నవ్వాను. ఇద్దరం చెరో ముక్క కొబ్బరిరొట్టె తిన్నాం. రొట్టె అయిపోకముందే వాడు కిందికి చూసి అన్నాడు. "నా కాళ్ళమీద ఏం పెట్టావు? బరువుగా ఉంది."

నేనేమీ పెట్టలేదు.

మంచుగది నిండలేదని పడవ ఇంకా రెండు రోజులు అక్కడే తిరిగింది. చివరికి పట్నంలో డాక్టరమ్మ దగ్గరికి చేర్చాం. ఆమె నన్ను పక్కకి పిలిచింది.

"ఇది లీవా కాదయ్యా. గబగబా పైకొస్తే, లోతులో పీల్చిన గాలి ఒంట్లో బుడగలు కడుతుంది. మళ్ళీ దిగితే బుడగలు అణుగుతాయి, నొప్పి పోయినట్టుంటుంది. పైకొచ్చాక ఇంకా గట్టిగా కొడుతుంది. నొప్పి వచ్చాక మళ్ళీ దింపిందెవరు?"

నేను గచ్చు వైపు చూశాను. బెర్నాల్‌కి సగమే చెప్పాను. గాలి వల్ల వచ్చిందట అన్నాను. రెండోసారి దిగడం గురించి చెప్పలేదు. మూడేళ్ళయింది, ఇంతవరకూ చెప్పలేదు. నాకు సిగ్గుగా ఉంది. అంతకంటే భయంగా ఉంది.

ఇప్పుడు పడవ మళ్ళీ వచ్చింది. వరదకి కర్రపెండలం చేను కుళ్ళిపోయింది. రెండిళ్ళలో మునగగలిగిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. దోనెలో ఎల్వీరా తమ్ముడు డెల్విన్ కూర్చుంటాడు. ఇంతకుముందు వాడు ఎప్పుడూ పడవెక్కలేదు.

ఈ పొద్దున బెర్నాల్ నీళ్ళలో పెట్టుకునే తన పాత కళ్ళద్దం నా మొహానికి పెట్టి పట్టీ బిగించాడు. "అందంగా ఉన్నావు బావా, కప్పలాగా." తరవాత నవ్వు మానేశాడు. "నొప్పి వస్తే బెదిరిపోకు. ఇంకో సిలిండర్ కట్టించుకుని వెంటనే దిగు. అడుగున ఆవిడే తీసేస్తుంది. డెల్విన్, నువ్వూ విను. బావ అడిగితే ఆలస్యం చెయ్యొద్దు, ఇచ్చెయ్."

డాక్టరమ్మ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, ఆ రోజు వాడి వీపుకి సిలిండర్ ఎవరు కట్టారో వాడికి గుర్తొస్తుంది. పడవ కూత వేసింది. "అలాగేరా" అన్నాను.

డెల్విన్ బుద్ధిగా తలూపి, సిలిండర్లు మొయ్యడానికి పోయాడు.