తప్పిన దెబ్బలు అడిగే మేస్త్రీ గారు

సోమవారం పొద్దున పదిన్నర ప్రాంతంలో నారాయణగూడలో మా పని దగ్గర గోడ కొలతలు చూసుకుంటున్నాను. అశోక్‌నగర్‌లోని మా ఇంకో పని నుంచి ఒక కూలీ సైకిలు తొక్కుకుంటూ వచ్చి, స్టాండు కూడా వేయకుండా దాన్ని కింద పడేసి, "సార్, మేస్త్రీ పడ్డడు" అన్నాడు.

"ఏ మేస్త్రీ?"

"మన మేస్త్రీ, సార్."

నేను మళ్ళీ అదే అడిగాను. ఆయన పడ్డారన్న మాట నా చెవికెక్కలేదు. నేను వెళ్ళేసరికి ఇసుక కుప్ప పక్కన చాప మీద పడుకోబెట్టారు. మొహం మీద ఎవరో తలగుడ్డ కప్పారు. ఆసుపత్రికని పిలిచిన రిక్షా గేటు దగ్గర ఖాళీగా నిలబడి ఉంది.

ఇది రాసేనాటికి పదకొండు రోజులైంది. నాకింకా నమ్మకం కుదరలేదు. తన కింద పనిచేసిన ఒక్క మనిషినీ పడనివ్వని మనిషి రెండో అంతస్తు ఎత్తు నుంచి పడి చనిపోయారు.

ఆయనది పాలమూరు వైపు. నాది గుంటూరు వైపు. ఓవర్సీయరు పరీక్ష ప్యాసై, చిక్కడపల్లిలో ఒక మూడంతస్తుల ఇంటి పనిలో చేరినప్పుడు నాకు ఆయన పరిచయం. మొదటి నెలలోనే పైనుంచి ఒక ఇటుక జారి, నాకూ, సున్నం తట్ట మోస్తున్న ఒక కూలీ అక్కకూ మధ్య పడి ముక్కలైంది. నేను నవ్వేసి, "ఏం కాలేదులే, పదండి" అన్నాను. మేస్త్రీ గారు పని ఆపించారు.

"ఏం గాలేదంటరేంది సారు? అయ్యేది అయింది. జర పక్కకు అయింది, గంతే."

పైకెక్కి చూస్తే ఇటుకలు గోడ అంచు మీదే పేర్చి ఉన్నాయి. వాటిని లోపలికి జరిపించి, అంచు పొడుగునా ఒక చెక్క అడ్డం కట్టించేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. కాంట్రాక్టరు వచ్చి పని ఆపినందుకు కేకలేశాడు. ఆయన తల వంచుకుని అంతా విన్నారు. చెక్క మాత్రం విప్పలేదు.

రోజూ సాయంత్రం పని దిగి, అందరూ కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే ఆయన అడిగేవారు: "ఇయ్యాల ఏం తప్పింది? చెప్పుండ్రి." తగిలిన దెబ్బ సంగతి కాదు, అది అందరికీ తెలుస్తుంది. తగలబోయి తప్పిన దెబ్బ సంగతి. కాలు జారి నిలదొక్కుకున్నవాళ్ళు, తాడు వదులైతే చటుక్కున పట్టుకున్నవాళ్ళు చెప్పాలి. విన్నది మర్నాడు పొద్దున ఎవరూ పైకెక్కకముందే తన చేత్తో సరిచేసేవారు.

మొదట్లో ఎవరూ నోరు విప్పలేదట. చెబితే తప్పు తమదే అంటారని, రేపటి నుంచి పనిలోకి రావద్దంటారని భయం. అందుకని ఆయన ఒక అలవాటు పెట్టారు. చెప్పినవాళ్ళకే మొదటి చాయ్. అయినా ఒకరోజు ఆ చాయ్‌కి ఎవరూ ముందుకు రాలేదు. ఆయనే ముందుకొచ్చారు.

"అయితే నాది చెప్త. పొద్దుగాల నిచ్చెన నేనే నిలబెట్టిన. కింద రాయి పెట్టుడు మర్సిన. సగం ఎక్కినంక జారింది. నాకే గిట్లయితే మీకు గాదా?"

అంత పెద్ద మేస్త్రీ కూలీల ముందు ఆ మాట అంటుంటే నేను తెల్లబోయాను. అప్పుడు వెనకనుంచి ఆ తట్ట మోసే అక్క మెల్లగా అంది: "నిన్న నాకు గూడ జారింది. సిగ్గయి చెప్పలె."

"సిగ్గెందుకు బిడ్డా? నాది నేను చెప్పిన గద."

కోస్తావాళ్ళు వెళ్ళిపోవాలన్న మొన్నటి గొడవల్లో దుకాణాలన్నీ మూతపడ్డ రోజుల్లో, కోస్తా మాట మాట్లాడే నన్ను ఆయన నల్లకుంటలోని నా కిరాయి ఇంటిదాకా రోజూ నడిపించుకొచ్చేవారు. "మీరు మాట్లాడకుండ్రి సారు, ఎవలన్న అడిగితే నేను చెప్త" అని, రోడ్డు వైపు తను నడిచేవారు.

ఇక చెప్పవలసింది చెప్పాలి.

ఆయన పడటానికి రెండు రోజుల ముందు, శనివారం, అశోక్‌నగర్ ఇంటి యజమానికి పని చూపించడానికి, గోడ వెంట కర్రలు పాతి చెక్కలు పరిచిన పరంజా మీదికి అతనితో పాటు నేనెక్కాను. మూల మలుపులో చెక్క నా కాలి కింద బెత్తెడు జారింది. కర్ర పట్టుకుని నిలబడ్డాను. యజమాని చూడలేదు. ఆయన ముందు పరువు పోతుందని, మాట మార్చి ఆయన్ని రెండో వైపు నుంచి దింపేశాను.

సాయంత్రం నారాయణగూడ పనికి వెళ్ళాను. మేస్త్రీ గారు అక్కడే ఉన్నారు. ఎప్పటిలాగే అందరినీ అడిగి, చివర నా వైపు తిరిగారు.

"మీకేమన్న అయిందా సారు?"

కూలీలందరూ చూస్తున్నారు. "నాకేం కాలేదు" అన్నాను.

సోమవారం ఆయన అశోక్‌నగర్ వెళ్ళారు. ఎక్కేముందు కర్రలూ తాళ్ళూ లాగి చూశారట. ఆ మూల తాడు పైకి బాగానే ఉంది. లోపల సున్నం నీళ్ళకు కుళ్ళింది. అది అడుగు వేసినవాడికే తెలుస్తుంది. ఆ అడుగు ఆయనకంటే ముందు నేను వేశాను.

మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళి ఆయన భార్యకు ఈ మాట చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ తిట్టలేదు.

"ఆయనకు చెప్పాల్సింది బిడ్డా" అంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళింది.

మర్నాడు రెండు చోట్లా కూలీలందరినీ నిలబెట్టి, నేను దాచిన సంగతి చెప్పాను. ఇది బయట అనొద్దని కాంట్రాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా రాస్తున్నాను. పాత తాళ్ళన్నీ విప్పించి కొత్తవి కట్టించాం. ఆయన ఉండగా నాకు దొరకని నోరు ఇప్పుడు దొరికింది. ఏం లాభమో నాకు తెలియదు.

నిన్న హిమాయత్‌నగర్‌లో వెళ్తూ, నేను రాకముందెప్పుడో ఆయన కట్టిన ఇల్లొకటి కనిపిస్తే ఆగాను. మూడో అంతస్తు వసారాలో ఒక పెద్దావిడ, కింద తోపుడుబండి దగ్గర నిలబడ్డ కూరగాయలతనితో బేరమాడుతోంది. అతనికి వినపడదని, ఆయన కట్టిన పిట్టగోడ మీద నిశ్చింతగా ఒళ్ళంతా ఆన్చి, మడమలు పైకెత్తి, నడుము దాకా వీధిలోకి వంగి, నవ్వుతూ గట్టిగా అరుస్తోంది.