ఒంటిపూట టూరు

అమెరికాలో శాంటా రోజా చుట్టుపక్కల వసుమతిని అందరూ 'సూ' అనేవారు. టూర్ కంపెనీ నడిపే లొరెయిన్ ఇంటర్వ్యూ రోజున ఆమె పేరు పలకలేక తడబడి, "సూ అని పిలిస్తే ఏమన్నా అనుకుంటావా?" అని అడిగింది. వసుమతి ఏమీ అనుకోనంది. ఆ పేరే బ్యాడ్జీ మీద ఎక్కింది.

ఆమె పని ఒంటిపూట పని. పొద్దున హోటళ్ళ దగ్గర మనుషుల్ని వ్యాన్‌లో ఎక్కించుకుని, రష్యన్ రివర్ అనే నది ఒడ్డున వైన్ చేసే మూడు చిన్న వైనరీలకి తీసుకువెళ్ళి, భోజనాల వేళకి మళ్ళీ హోటల్ దగ్గర దింపాలి. మూడూ పెద్ద కంపెనీలు కావు, కుటుంబాలు నడుపుకునేవి. మూడుచోట్లా చేసేది బుడగల వైనే. మనవాళ్ళు షాంపేన్ అంటారు కానీ అక్కడివాళ్ళు ఆ మాట వాడరు, స్పార్క్లింగ్ వైన్ అంటారు. ఆ తేడా ఎందుకో వ్యాన్‌లో మైకు పట్టుకుని చెప్పడం కూడా వసుమతి పనే. షాంపేన్ అనే ప్రాంతంలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుందనీ, సీసాలో వైన్‌కి మళ్ళీ కాస్త ఈస్టూ చక్కెరా కలిపి మూత బిగిస్తారనీ, లోపల రెండోసారి పులిసినప్పుడు పుట్టిన గాలి బయటికి పోలేక వైన్‌లోనే కలిసిపోతుందనీ చెప్పేది. తను మాత్రం తాగేది కాదు. చేరిన కొత్తలో లొరెయిన్ బలవంతం మీద ఒక్క గుక్క రుచి చూసింది. అమెరికావాళ్ళు గ్రీన్ ఆపిల్ అనీ, కాల్చిన బ్రెడ్ అనీ ఏవేవో చెప్పారు. ఆమెకి మాత్రం దోరగా ఉన్న రేగుపండు కొరికినట్టు అనిపించింది. ఆ మాట ఎవరికి చెప్పినా అర్థం కాదని ఊరుకుంది.

ఆ టూరుకి ఒంటరిగా ఎవరూ రారు. పెళ్ళిరోజులవాళ్ళు, పుట్టినరోజులవాళ్ళు, కొత్తగా ఉంగరాలు మార్చుకున్నవాళ్ళు వస్తారు. నాలుగు గంటలపాటు వాళ్ళ నవ్వులు వింటూ వ్యాన్ నడిపి, వాళ్ళని దింపేసి, ఒక ఇంటి వెనకాల అద్దెకి తీసుకున్న గదికి వసుమతి వచ్చేసేది. గది తలుపు తీశాక మళ్ళీ మర్నాడు పొద్దున దాకా ఆమె నోరు విప్పాల్సిన పని ఉండేది కాదు.

ఆమెది బాపట్ల. రెండువేల రెండులో విశ్వనాథ్‌ని పెళ్ళి చేసుకుని శాంటా క్లారా వచ్చింది. అతను చిప్ డిజైన్ ఇంజనీరు. కొట్టడు, తిట్టడు, తాగడు. మాట్లాడడు, అంతే. ఆఫీసు నుంచి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుని అన్నం తినేవాడు. ఏదన్నా అడిగితే "ఊఁ" అనేవాడు. మొదట్లో అలసిపోయాడనుకుంది. తరవాత తన మాటల్లోనే పస లేదనుకుంది. పగలంతా పేపర్లు చదివి, టీవీలో వార్తలు చూసి, సాయంత్రం చెప్పడానికి కబుర్లు పోగుచేసుకునేది. అతను విని, లేచి కంచం సింకులో పెట్టేవాడు. ఏడేళ్ళ తరవాత ఒక ఆదివారం, "మనకి కుదరట్లేదు వసుమతీ. లాయర్‌తో మాట్లాడాను" అన్నాడు. ఆ ఏడేళ్ళలో అతను ఆమెతో తనంతట తాను మొదలుపెట్టిన మాటలు చాలా తక్కువ. వాటిలో ఇదొకటి.

"నువ్వు కాస్త కలుపుగోలుగా ఉండాల్సింది, మగాడు ఊరికే పొమ్మంటాడా" అంది వాళ్ళమ్మ ఫోన్‌లో. అప్పటికి గ్రీన్ కార్డు వచ్చేసింది. బాపట్ల వెళ్తే రోజూ అదే మాట వినాలని వసుమతి వెళ్ళలేదు. కొన్నాళ్ళు ఒక ముసలావిడకి తోడుగా ఉండే పని చేసి, ఆవిడ పోయాక ఈ వ్యాన్ పనిలో చేరింది.

ఆమెకి కారు నడపడం నేర్పింది పద్మజ. శాంటా క్లారాలో వాళ్ళ పైపోర్షన్‌లో ఉండేది, వరంగల్ అమ్మాయి. ఆదివారం పొద్దున్నే ఇండియన్ స్టోర్ ముందు ఖాళీగా ఉన్న పార్కింగ్‌లో కూర్చోబెట్టి, "బ్రేక్ మీద నిలబడకే తల్లీ" అని అరుస్తూ నేర్పింది. పద్మజ భర్త రాజీవ్‌దీ విశ్వనాథ్‌దీ ఒకటే ఆఫీసు. విడాకుల తరవాత పద్మజ ఫోన్లు తగ్గాయి. తరవాత వసుమతి చేసినా ఎత్తడం మానేసింది.

రెండువేల పదమూడు అక్టోబర్‌లో ఒక శనివారం, హోటల్ ముందు వ్యాన్ ఆపి తలుపు తీసేసరికి ఎదురుగా పద్మజ నిలబడి ఉంది. ఆమెకి నలభయ్యో పుట్టినరోజని రాజీవ్ ఆ టూర్ బుక్ చేశాడు. వెంట ఆఫీసులో కొత్తగా చేరిన ఒక జంటా, నీలం కుర్తా వేసుకున్న ఒక గర్భిణీ ఉన్నారు.

పద్మజ ముఖం పాలిపోయింది. మిగతావాళ్ళు వ్యాన్ ఎక్కుతుంటే వసుమతిని పక్కకి లాగింది.

"వసూ, నువ్వా! ఇక్కడ పని చేస్తున్నవా? నాకు తెల్వనే తెల్వదు."

"బాగున్నావా పద్మా? హ్యాపీ బర్త్‌డే."

"అది సరే, ప్లీజ్, ఒక్క మాట విను. ఆ బ్లూ కుర్తా అమ్మాయి నమ్రత. విశ్వనాథ్ వాళ్ళ వైఫ్. ఆయనకు వర్క్ ఉండి రాలే. నువ్వెవరో ఆమెకు తెల్వదు. ఏం చెప్పకు, సరేనా?"

వసుమతి తల ఊపింది. అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని ఎవరి ద్వారానో విన్నది. మనిషిని చూడటం మాత్రం అదే మొదలు.

మొదటి వైనరీ డేల్, మార్గరెట్ అనే దంపతులది. పాత గడ్డివాముల షెడ్డునే రుచి చూసే గదిగా మార్చుకున్నారు. రెండోది ఇద్దరు అక్కచెల్లెళ్ళది. రెండుచోట్లా అందరి చేతుల్లో గ్లాసులుంటే, నమ్రత ద్రాక్షరసం పట్టుకుని ఒక పక్కన నిలబడింది. వసుమతి అలవాటైన మాటలన్నీ చెప్పింది. మధ్యలో ఒకటి రెండుసార్లు తను ఏం చెబుతోందో తనే మర్చిపోయింది. రాజీవ్ ఒక్కసారి కూడా ఆమె వైపు చూడలేదు. ఫోన్‌లోనే తలపెట్టుకు కూర్చున్నాడు.

మూడోది ఎర్నెస్టో అనే ముసలాయనది. భార్య పోయాక ఒక్కడే నడుపుకుంటున్నాడు. ఆయన నేల కింది సెల్లార్‌లో సీసాల్ని తలకిందులుగా చిల్లులున్న చెక్క బల్లల్లో గుచ్చి, రోజూ ఒక్కో సీసానీ చేత్తో కొంచెం కొంచెం తిప్పుతాడు. అలా తిప్పితే అడుగున పేరుకున్న ఈస్టు మూతి దగ్గరికి జారుతుంది, తీసెయ్యడం తేలికవుతుంది. అది చూడాలంటే తడి మెట్లు దిగాలి. నమ్రత తను దిగలేనంది. ఎవరైనా పైన ఉండిపోతే గైడు వాళ్ళతో ఉండాలని కంపెనీ నియమం. పద్మజ మెట్ల మొదట్లో ఆగి, ఒకసారి వెనక్కి చూసి, ఇక తప్పక దిగింది.

ద్రాక్ష తోట పక్కన బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. కోతలు అయిపోయి ఆకులు పసుపు తిరిగి ఉన్నాయి. నమ్రత చెప్పులు విప్పింది. పాదాలు వాచి ఉన్నాయి. వసుమతి వ్యాన్‌లోంచి ఖాళీ డబ్బా తెచ్చి కాళ్ళ కింద పెట్టింది.

"అయ్యో, మీరెందుకండీ... థాంక్స్. మీరు తెలుగేనా? పద్మజక్కతో ఒకటి రెండు మాటలు అంటుంటే వినిపించింది."

"అవునమ్మా. మాది బాపట్ల. ఎన్నో నెల?"

"ఐదు నడుస్తోంది. మాది హైదరాబాద్, మలక్‌పేట. ఇక్కడికొచ్చి రెండేళ్ళయింది." కాసేపు తోట వైపు చూసి, "తెలుగులో ఇట్లా కూర్చుని మాట్లాడి ఎన్ని రోజులైందో" అంది.

"ఇంట్లో మాట్లాడుకుంటారుగా?"

నమ్రత నవ్వింది. "మా ఆయన మంచోరేనండీ. ఏ లోటూ చెయ్యరు. కానీ ఇంట్లో మాట ఉండదు. పొద్దున్నుంచి నేను ఏం చెప్పాలా, ఏం చెప్పాలా అని ఆలోచించి పెట్టుకుంటాను. వచ్చాక చెప్తే 'ఊఁ' అంటారు. అయిపోయింది ఇంక." డబ్బా మీద కాళ్ళు సర్దుకుంది. "నాకే మాట్లాడటం రాదేమో అనిపిస్తది. మా అమ్మకి చెప్తే, నువ్వే ఏదో ముభావంగా ఉంటున్నావు అంటది."

ఏడేళ్ళు ఆ ఇంట్లో, నాలుగేళ్ళు అద్దె గదుల్లో, తనని తాను ఎన్ని రకాలుగా తప్పు పట్టుకుందో వసుమతికే తెలుసు. వంట సరిగా లేదనుకుంది, ఇంగ్లీషు సరిగా లేదనుకుంది, తన ముఖంలోనే ఏదో విసుగు పుట్టించేది ఉందనుకుంది. ఇదిగో, తనకన్నా పదేళ్ళు చిన్నది, గలగలా మాట్లాడే పిల్ల, అదే బల్ల దగ్గర అదే 'ఊఁ' వింటూ కూర్చుంటోంది. వసుమతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగింది.

"మీ నంబర్ ఇస్తారా?" నమ్రత ఫోన్ తీసింది. "అక్కడ నాకెవరూ లేరండీ. పద్మజక్కకి ఏదన్నా చెప్తే రాజీవ్ అన్నకి చెప్తది, ఆయన మా ఆయనకి చెప్తారు. మీకైతే అప్పుడప్పుడు ఫోన్ చేస్కుంటా. సూ అంటే మీ అసలు పేరు కాదు కదా, ఏ పేరుతో సేవ్ చేసుకోను?"

ఇన్నేళ్ళలో వ్యాన్ ఎక్కడిదాకా వచ్చిందని అడగడానికి తప్ప ఆమె నంబర్ ఎవరూ అడగలేదు. సుజాత అనొచ్చు. సుశీల అనొచ్చు. ఒక్క అబద్ధంతో వారానికొకసారి ఫోన్ చేసే మనిషి దొరుకుతుంది. వసుమతికి అలాంటి మనిషి కావాలి, చాలా కావాలి. కానీ ఆ అబద్ధం చెబితే, తప్పు నీది కాదమ్మా అని ఈ పిల్లకి ఎన్నటికీ చెప్పే వీలుండదు. చెప్పినా నమ్మదు.

"వసుమతి" అంది.

నమ్రత వేలు ఆగిపోయింది. ఆ పేరు మీద శాంటా క్లారా ఇంటికి ఇప్పటికీ కూపన్లూ బ్యాంకు ప్రకటనలూ వస్తూనే ఉన్నాయి. నమ్రతే వాటిని చెత్తబుట్టలో వేస్తూ ఉంది.

"మీరు... ఇండియా వెళ్ళిపోయారన్నారు."

"వెళ్ళలేదు. విశ్వనాథ్ గారితో ఏడేళ్ళున్నాను." వసుమతి మాటలు కూడదీసుకుంది. "విను నమ్రతా. నీలో లోపమేం లేదు. నాతోనూ అంతే. మొదటి నెల నుంచీ అంతే. ఇది నీకు చెప్పాలనే నా పేరు చెప్పాను."

నమ్రత ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. సెల్లార్ నుంచి నవ్వులు వినిపించాయి.

"పద్మజక్కకి మీరెవరో తెలుసా?"

"తెలుసు."

"రాజీవ్ అన్నకి?"

"తెలుసు."

"అంటే పొద్దున్నుంచి అందరికీ తెలుసు, నాకు తప్ప." ఆమె వాచిన కాళ్ళని చెప్పుల్లోకి దూర్చుకుని, వెళ్ళి వ్యాన్‌లో చివరి సీట్లో కూర్చుంది.

పైకి వచ్చిన పద్మజకి నమ్రత ముఖం చూడగానే సంగతి అర్థమైపోయింది. వ్యాన్ వెనకకి వచ్చి, గొంతు తగ్గించి, "చెప్పొద్దన్న కదా వసూ! కడుపుతోని ఉన్న పిల్లకు చెప్తవా?" అంది.

"పేరు అడిగింది పద్మా."

"ఏదో ఒకటి చెప్పరాదు?"

"నువ్వు ఫోన్ ఎత్తడం మానేసినప్పుడు నిన్నేమీ అనలేదు. ఇవాళా ఏమీ అనను. ఎక్కు, అందరూ ఎదురు చూస్తున్నారు."

పద్మజ కళ్ళు నీళ్ళతో నిండాయి. అవి తుడుచుకుని ఎక్కింది. తిరుగు దారిలో వసుమతి మైకు ముట్టుకోలేదు. హోటల్ దగ్గర నమ్రత అందరికన్నా ఆఖర్న దిగింది. దిగుతూ ఒక్క క్షణం ఆగింది. "థాంక్యూ" అంది, ఏ డ్రైవర్‌కైనా చెప్పినట్టే. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వసుమతి బాపట్లకి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది.

"అమ్మా, ఆయన ఆ రెండో అమ్మాయితోనూ మాట్లాడట్లేదట."

తల్లికి అప్పట్లో తను అన్న మాట గుర్తొచ్చి ఉంటుంది. "తిన్నావా?" అంది.

"ఇంకా లేదు."

"ముందు తిను" అంది ఆవిడ మెల్లగా. అంతకుమించి ఇద్దరూ ఆ విషయం ఎత్తలేదు. అయినా ఆ రోజు తరవాత కలుపుగోలుతనం గురించిన మాట ఆవిడ నోట మళ్ళీ వినపడలేదు.

నమ్రత నుంచి ఫోన్ వచ్చింది మరుసటి ఏడాది జూన్‌లో. నంబర్ లొరెయిన్ దగ్గర తీసుకుందట. పాప పుట్టింది, ఆద్య అని పేరు పెట్టారు.

"అక్కా, ఆ రోజు మీ మీద చాలా కోపం వచ్చింది. తరవాత ధైర్యం కూడా వచ్చింది. తప్పు నాది కాదని తెలిశాక ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాం. ఇప్పుడు కొంచెం కొంచెం మాట్లాడుతున్నారు. పాపతో అయితే ఇంకా ఎక్కువ."

"మంచిదమ్మా" అంది వసుమతి. అది ఆమె నిజంగానే అంది. ఆయన మాట్లాడగలడా, అయితే!

"ఇంక మీకు ఫోన్ చెయ్యనక్కా. ఆయనకి తెలిస్తే బాగుండదు. ఏమనుకోకండి."

"ఏమనుకోను. పిల్ల జాగ్రత్త."

పద్మజ ఆ తరవాత కూడా ఫోన్ చెయ్యలేదు.

రెండువేల పదిహేనులో ఎర్నెస్టో చూపు మందగించి, తోటని ఒక పెద్ద కంపెనీకి అమ్మేసి, దగ్గరలోనే ఉన్న పెటలూమా ఊళ్ళో కూతురి ఇంటికి చేరాడు. టూరు రెండు వైనరీలకే పరిమితమైంది, మధ్యాహ్నం కాకముందే అయిపోతోంది. మిగిలిన పొద్దుని ఏం చేసుకోవాలో వసుమతికి తోచేది కాదు. ఒక గురువారం పళ్ళు కొనుక్కుని ముసలాయన్ని చూడ్డానికి వెళ్ళింది. ఆయనకి వినికిడి కూడా పోతోంది. ఇంగ్లీషులో గట్టిగా అరిచి అరిచి అలసిపోయి, ఎలాగూ వినపడదు కదా అని ఆమె తెలుగులోకి దిగింది. దారిలో ట్రాఫిక్ గురించి, అద్దె ఇంటి పిల్లి గురించి, బాపట్లలో సముద్రం మీంచి వచ్చే గాలి గురించి చెప్పింది. ఆయన తల ఊపుతూ కాఫీ పోశాడు. ఆమె చెప్పడం ఆపినప్పుడల్లా, ఆ తరవాత ఏమైందన్నట్టు చెయ్యి ఊపాడు. ఇప్పుడు ప్రతి గురువారం వెళ్తోంది.