సన్నకొస కొలత

జెట్టీ కుంగింది డ్రాయింగులో తప్పువల్ల. పనిలోంచి తీసేసింది మాత్రం మేస్త్రీని.

హార్బరులో సరుగుడు దుంగలు దింపించే పని నాది, వాటిని నీళ్లలో పాతించే పని ఆయనది. ఏ దుంగ వచ్చినా ముందు సన్నకొస దగ్గర గొంతుకూర్చుని, నూలుతాడు చుట్టి కొలిచేవాడు. కిందికి దిగేది ఆ కొసే, బరువు మోసేదీ అదే అనేవాడు. నాది వానాకాలం చదువు. డ్రాయింగు చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ జెట్టీ కాగితం చూసి ఇంజినీరును అడిగాడు: "తొమ్మిదంగుళాల లావని రాసినారు బాబూ, ఏ కొసకో రాయనేదేటి?"

"ఇంజినీరు నువ్వా, నేనా? గీసినట్టు పాతించు."

కంట్రాక్టరు లావుకొసకు తొమ్మిది చూపించి, సన్నకొసకు ఐదు కూడా లేని దుంగలు తెచ్చాడు. రెండు వానాకాలాలకే జెట్టీ ఒరిగింది. నింద మేస్త్రీ మీద పడింది.

ఆ నింద తీసెయ్యమని హార్బరు ఆఫీసుకు పదకొండేళ్లు అర్జీలు పెట్టాను. "నా మీద పడ్డ మాట తీసీసినారేటి, బావా?" అని అడుగుతూనే ఆయన మొన్న వేసవిలో పెందుర్తిలో, కూతురింట్లో పోయాడు. ఆ కబురూ ఆఫీసుకు రాశాను. నిన్న జవాబొచ్చింది:

"డ్రాయింగులో సన్నకొస కొలత లేకపోవుట మా పొరపాటే. సదరు మేస్త్రీ స్వయముగా హాజరై సంతకము చేసినచో నింద తొలగించబడును."