పిలుపు నంబరు లేని కార్డు

అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే పేర్రాజు గారు పని ముట్టుకునేముందు కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని నిట్టూర్చేవారు. ఆ రోజూ అంతే. నర్సింగ్ హోములో మంచం మీదున్న పెద్దావిడ కనకరత్నం గారి గుండెను కనిపెట్టుకుని ఉండే కార్డును విండోస్ కంప్యూటరు నుంచి లినక్స్‌ దానికి మార్చారు. గుండె తడబడితే కార్డు కంప్యూటరును పిలవాలి. పిలిచేది ఎవరో కంప్యూటరుకి తెలియాలంటే ఆ పిలుపుకి ఇంటరప్ట్ నంబరు కావాలి. విండోస్ తనే ఇచ్చేది, ఇక్కడ సెట్టింగుల్లో ఆ చోటు ఖాళీ. కార్డుని, కంప్యూటరుని కలపడానికి ఆయన రాసిన డ్రైవరు ప్రోగ్రాము ఖాళీని సున్నా అనుకుంది. సున్నా నంబరు కంప్యూటరు లోపలి గడియారానిది. పరీక్షించి చూస్తే అలారం మోగలేదు.

"ఏదో ఒక నంబరు వేసెయ్యండి, పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నారు," అంది నర్సు హేమ.

"ఆయ్, వెయ్యొచ్చమ్మా. అవసరానికి మోగకపోతే ఆవిడొచ్చి మనల్ని అడగరు కదా."

నంబరు లేనప్పుడు పిలుపు కోసం ఆగకుండా, సెకనుకోసారి తనే వెళ్ళి కార్డును అడిగేలా డ్రైవరును మార్చి రాశారు. రాస్తున్నంతసేపూ నాలుగు వరసలకోసారి లేచి మంచం దగ్గరికెళ్ళి చూసొచ్చారు. పరీక్షలో అలారం మోగాక కూడా వెళ్ళారు.

"పోయేననుకున్నావేంటి బాబూ?" అన్నారు కనకరత్నం గారు.

"లేదండీ. ఊరికే చూసి పోదామని."

రెండేళ్ళ తర్వాత పేర్రాజు గారు తన కొట్లో కుర్చీలోనే పోయారు. ఎవర్నీ పిలవలేదు. రెండు రోజులుగా కొట్టు తలుపు చేరవేసి ఉన్నా, పక్క కొట్లవాళ్ళం మేమెవరమూ వెళ్ళి చూడలేదు.