బూడిదలో దొరికిన రాడ్డు

యాదమ్మ బూడిదలోంచి ఒక ఉక్కు రాడ్డు పైకి తీసింది. ఎముకలు ఏరుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"గిదేంది తమ్మీ? నాయినకు ఎన్నడైంది ఆపరేషన్?"

నర్సింలు తల ఎత్తలేదు. "కాలు ఇరిగితే ఏసిన్రక్కా. నువ్వు ఫికర్ పడ్తవని చెప్పలే."

నర్సింలు నేను దిగిన నాంపల్లి లాడ్జిలో గుమస్తా. విజయవాడ బండి దిగి, అక్కడ గది తీసుకుని, నదుల ఒడ్డున జరిగే అంత్యక్రియల గురించి రాస్తున్నానని చెబితే, "రేపు మా నాయిన బొక్కలు ఏరుతం, రాండ్రి సార్" అని అతనే పిలిచాడు. అడగకుండానే పిలవడం కొంచెం వింతగా తోచింది.

తెల్లవారాక మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి చాయ్ తాగాం. అఫ్జల్‌గంజ్ మీదుగా ఆటోలో మూసీ ఒడ్డు శ్మశానానికి చేరాం. చూడదలచినవారు పొద్దున్నే వెళ్లాలి. ఎండెక్కేసరికి చితి పేర్చే దిమ్మెలు కడిగేస్తారు. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన యాదమ్మ, పాలచెంబు ఒళ్లో పెట్టుకుని దారంతా ఒకటే అడిగింది.

"నేనొచ్చేదాక ఎందుకు ఆగలే? ఆఖరుసారి మొఖం గూడ చూడనియ్యలే."

"మొగులైంది అక్కా. వానొస్తదని..."

ఇప్పుడా రాడ్డు ఆమె చేతిలో ఉంది.

"మొన్న బోనాలకు మా ఇంటి ముంగట తెల్లార్లు ఎగిరిండు. కాలుల రాడ్డున్నోడు గట్ల ఎగురుతడా?"

"ఏ కాలు?" అని నేను అడిగాను. ఎడమ కాలన్నాడు నర్సింలు. కాసేపటికి అక్కతో కుడి తొడ అన్నాడు.

"మన దిమ్మె ఇదే అక్కా. కుండ పెంకులు గుర్తు పెట్టిన."

చితి చుట్టూ తిరిగి పగలగొట్టే కుండ పెంకులవి. ఎడమ పక్క దిమ్మె చూశాను. అక్కడా పెంకులే. ఆ పక్కదానిమీదా పెంకులే. కుడి పక్క దిమ్మె మాత్రం అప్పటికే కడిగి తడిగా ఉంది.

"గాళ్లు జల్ది ఏరుకొని పోయిన్రు" అన్నాడు కాటికాపరి, మా వైపు చూడకుండా.

ఎముకలు గోదావరిలో కలపడానికి మధ్యాహ్నం బాసర బస్సెక్కాలని అనుకున్నారు. యాదమ్మ కదల్లేదు.

"ఏ దవాఖానల ఏసిన్రో చెప్పు. పోయి అడుగుదం పా."

"యాదికి లేదక్కా."

"గట్లయితే ఈ కుండ గీడనే ఉండనీ. ఎవరి నాయిననో తీస్కపోయి నేను గోదాట్ల కలప."

ఎముకల కుండ ఇంటికి తీసుకెళ్లరు కాబట్టి, గుడ్డ కట్టి శ్మశానం షెడ్డులో మేకుకు తగిలించారు. రాడ్డు యాదమ్మ సంచిలో వేసుకుంది.

సాయంత్రం గది ఖాళీ చేసేటప్పుడు నర్సింలు లాడ్జి బల్ల దగ్గర లేడు. చాలా నదుల ఒడ్డున బంధువులు ఏడవడం చూశాను. ఎవరి కోసం ఏడవాలో తెలియక నిలబడిన మనిషిని ఇక్కడే చూశాను. బండి కదిలాక నర్సింలుకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. కుండ ఇంకా ఆ మేకుకే ఉండి ఉంటుంది. కడిగేసిన ఆ దిమ్మె వాళ్లు యాదమ్మ నాయిననే ఏరుకుపోయారేమో; వాళ్లు ఎవరో, ఏ నదికి వెళ్లారో కాటికాపరికి తెలియదు.