రోజుకు మూర

మా అక్క కొలత తప్పగా నేను ఒక్కసారీ చూడలేదు. నలభై ఏళ్ళు కుట్టుమిషను మీద బతికింది. మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే భుజాల వెడల్పు కళ్ళతోనే తీసేది. తర్వాత టేపు పెట్టి చూస్తే అర అంగుళం తేడా కూడా ఉండేది కాదు. "టేపు నాకు కాదురా, వాళ్ళకి. కొలవకపోతే నమ్మరు" అనేది. ఆమె పోయి పది నెలలైంది. ఆ టేపు ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. చివరిసారి దాంతో మేడ మీద కొలిచింది అక్క కాదు, నేను.

కింద దుకాణం, పైన రెండు గదులు, ఆ పైన మేడ. బావ పోయాక నేను ఆమె దగ్గరికి వచ్చేశాను. ప్రెస్సుకి ప్రూఫులు దిద్దిపెట్టడం నా పని. ఆమె కుడుతూ ఉంటే కటింగ్ బల్ల చివర కూర్చుని దిద్దుకునేవాణ్ణి. బావ పోయిన మరుసటి ఏడు దుకాణం బోర్డు వెనక తేనెపట్టు పట్టింది. అందరూ పొగబెట్టి తరిమేయమన్నారు. అక్క మాత్రం పెట్టెల్లో తేనెటీగలు పెంచే ఒక ముసలాయన్ని ఎక్కడినుంచో వెతికి పట్టుకొచ్చింది. ఆయన పట్టును చెక్కపెట్టెలోకి ఎక్కించి, మేడ మీద పెట్టి, ఆర్నెల్లపాటు వస్తూపోతూ పని నేర్పాడు.

అయిదేళ్ళకు ఒక పెట్టె మూడయింది. వీధిలో పిల్లలు ఆమెను ఈగలత్త అనేవాళ్ళు. సాయంత్రం మిషను కట్టేసి పైకెళ్ళి, పెట్టెల పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఈగలు ఇల్లు చేరడం చూస్తూ కూర్చునేది. అంతకుముందు ఏడాదంతా ఆ వేళకి ఆమె ఏం చేసేదో నాకు తెలుసు. గోడవైపు తిరిగి పడుకునేది. అందుకే ఆ పెట్టెల్ని నేనెప్పుడూ విసుక్కోలేదు.

"అసలు ఏముందే అక్కా వీటిలో?" అని ఒకసారి అడిగాను.

"కస్టమర్లకంటే నయంరా. ఒక్కటి కూడా 'రేపటికల్లా కావాలి' అనదు."

పక్కింట్లో లెక్కల మేష్టారు ఉండేవారు. రిటైరై చాలా ఏళ్ళయింది. ఏటా మొదటి సీసా తేనె ఆయనకే. "అమ్మాయ్, నీ తేనె చప్పరిస్తే గానీ నా గొంతు పెగలదు" అనేవారు. నిజానికి ఆ గొంతు పెగలకపోతే వీధికి కొంత సుఖంగానే ఉండేది. అయినా ఆ మాట వినడం అక్కకి ఇష్టం.

ఇంతలో మున్సిపాలిటీ వాళ్ళు ఇళ్ళ మధ్య తేనెటీగలు పెంచడానికి నిబంధనలు పెట్టారు. మూడు పేజీల కాగితం. నేను చదువుతుంటే అక్క కాజాలు కుడుతూ విన్నది.

"ఇంటికి రెండు పెట్టెలకు మించరాదు."

"మూడోది ముసలాయనకి ఇచ్చేద్దాం. కూతుర్ని అత్తారింటికి పంపినట్టు పంపిద్దాం."

"దగ్గరలో నీటి తొట్టి ఉండవలెను."

"ఉంది."

"ఆరడుగుల ఎత్తున తెర ఉండవలెను."

"కుట్టేస్తా. అదీ ఒక పనేనా?"

"పెట్టెలకు, పొరుగువారి గోడకు మధ్య ముప్పై అడుగుల దూరం ఉండవలెను."

కాజా మీద సూది ఆగిపోయింది. పెట్టెలు మేష్టారి గోడకి మూడడుగుల దూరంలో ఉన్నాయి. పొద్దుటి ఎండ అక్కడే పడుతుంది. "ఎవరైనా అడిగినప్పుడు చూద్దాంలే" అంది. అదొక్కటే ఆమె వాయిదా వేసిన పని.

అడిగారు. ఒకరోజు నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో దూరం పాటించకపోతే పెట్టెలు స్వాధీనం చేసుకుంటామని. గడువు నోటీసు రాసిన రోజు నుంచి లెక్కట, చేతికొచ్చేసరికి పదకొండు రోజులే మిగిలాయి. అడుగున ఫిర్యాదుదారు ఇంటి నంబరు ఉంది. మేష్టారిది. కుట్టలేదు, కరవలేదు. కిటికీ తీస్తే చప్పుడొస్తోందని రాశారు.

అక్క నోటీసు రెండుసార్లు చదివింది. "సీసా అందుకున్న చేత్తోనే సంతకం పెట్టాడేమిరా" అంది. అంతకుమించి ఆయన్ని ఒక్కమాట అనలేదు.

పెట్టెల్ని జరపడం ఎంతసేపు? ఇద్దరు పట్టుకుంటే అయిదు నిమిషాలు. కానీ ముసలాయన నేర్పిన మొదటి పాఠమే అది: "ఈగకి పెట్టె గుర్తుండదమ్మా, పెట్టె ఉన్న చోటు గుర్తుంటుంది. జరపాల్సొస్తే రోజుకు మూర. అదీ పొద్దువాలి, అన్నీ ఇల్లు చేరాకే. అంతకన్నా జరిపావో, మేతకెళ్ళినవి పాత చోటికే వచ్చి, ఇల్లు లేదని అక్కడే తిరిగి తిరిగి చస్తాయి." వాన పడి ఈగలు బయటికి పోని రోజున జరిపితే అది లెక్కలోకి రాదని కూడా చెప్పాడు. ఎగిరి వెళ్ళి చూసుకుని వస్తేగానీ కొత్త చోటు వాటికి తెలీదు.

ఉన్న మూడడుగులు పోను, ముప్పై అడుగులు చేరాలంటే పద్దెనిమిది మూరలు. పద్దెనిమిది రోజులు. ఉన్నవి పదకొండు.

మున్సిపల్ ఆఫీసుకి ఇద్దరం వెళ్ళాం. నేను రాసిన అర్జీ గుమాస్తా చదవలేదు, తిప్పి చూశాడు.

"రెండు పెట్టెలు జరపడానికి ఇన్ని రోజులెందుకమ్మా? అవేమన్నా ఏనుగులా?"

"జరపడానికి కాదు బాబూ. వాటికి తెలియాలి."

"ఏం తెలియాలి?"

"ఇల్లు మారిందని."

పక్క బల్ల అతను పకపకా నవ్వాడు. "వాటికీ ఓ నోటీసు ఇస్తే సరి!" గుమాస్తా కూడా నవ్వి, అర్జీ మీద ముద్ర కొట్టి, "ఇన్‌స్పెక్టరుగారు వచ్చినప్పుడు చెప్పుకోండి" అన్నాడు. వచ్చేటప్పుడు దారంతా నేను ఉడికిపోతున్నాను. "పోనీలేరా, నవ్వారు. అరవలేదుగా" అంది అక్క.

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. పొద్దువాలాక మోచేతి నుంచి వేలికొస దాకా నేల మీద ఆనించి, సుద్దముక్కతో గీత గీసేది. బట్ట మీద గీసే నీలం సుద్ద. గీత పక్కన తేదీ వేసేది. ఇద్దరం పెట్టెల్ని ఆ గీత మీదికి జరిపేవాళ్ళం. "టేపు వద్దా?" అంటే, "ఇది టేపు పుట్టకముందు కొలతరా" అనేది. మధ్యలో ఒకరోజు వాన, ఆ రోజు జరపలేదు. పదోరోజు పొద్దుటికి నేల మీద ఎనిమిది గీతలున్నాయి, గోడకి పదిహేను అడుగులు.

ఇన్‌స్పెక్టరు మర్నాడు వస్తాడని కబురొచ్చింది. అక్క నిబ్బరంగానే ఉంది.

"గీతలు చూపిస్తా. రోజూ జరుపుతున్నామని కళ్ళకి కనబడుతోందిగా. అతనూ మనిషేగా."

"ఆఫీసులో ఉన్నవాళ్ళూ మనుషులే కదే!"

"ఒరేయ్, నువ్వు తప్పులు దిద్దీ దిద్దీ అందర్నీ తప్పుగానే చూస్తున్నావు. పోయి నీ ప్రూఫులు చూసుకో."

ఆ పొద్దునే పదకొండు గంటలకి బడి యూనిఫారాల మూట ఆటోలో వేసుకుని ఇచ్చి రావడానికి వెళ్ళింది. నేను మేడ మీదికి వెళ్ళాను. పెట్టెలు పట్టుకుపోతే ఆమె మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోవడం నా కళ్ళముందు ఆడింది. రెండు పెట్టెల్లో కొన్ని ఈగలు దారి తప్పితే తప్పనీ, పెట్టెలంటూ మిగులుతాయి కదా అనుకున్నాను. మెట్ల కింద ఇస్త్రీ చేసే బొగ్గులాయన్ని పిలిచాను.

"ఈగలమ్మ చెప్పిందా బాబూ?" అని అడిగాడు.

"చెప్పింది" అన్నాను.

మిట్టమధ్యాహ్నం, ఈగలు సగం మేతకెళ్ళిన వేళ, ఇద్దరం పెట్టెల్ని ఎత్తి అవతలి కొసన పెట్టాం. అక్క టేపు తెచ్చి కొలిచాను. ముప్పై అడుగుల ఆరంగుళాలు. ఆ ఆరంగుళాలకి పొంగిపోయాను కూడా.

మూడింటికి చప్పుడు విని మళ్ళీ పైకెళ్ళాను. ఎనిమిదో గీత మీద, గాలిలో, పెట్టె ఉండాల్సిన ఎత్తులో, పెట్టె అంత మేర ఈగలు తిరుగుతున్నాయి. గుమ్మం ఉండాల్సిన చోట దిగబోయి, ఏమీ తగలక మళ్ళీ లేస్తున్నాయి. పదిహేనడుగుల అవతల వాటి ఇల్లు ఉంది. ఒక్కటీ అటు చూడలేదు.

అక్క అప్పుడే వచ్చింది. మెట్ల మీద నిలబడి చూసింది. "ఎవరు చెప్పార్రా నీకు?" అంది. గొంతు పెంచలేదు. "పట్టు, పట్టు. ఇంకా పొద్దుంది. వెనక్కి పెట్టేద్దాం."

చెరో పక్కా వంగాం. అప్పుడే కింద నుంచి బొగ్గులాయన కేక: "అమ్మా, ఇన్‌స్పెక్టరుగారు!"

ఇటువైపు పనిపడి ఒకరోజు ముందే వచ్చాడట. చెమటలు కక్కుతూ మేడెక్కి, స్టీలు టేపు తీసి కొలిచాడు. ముఖం విప్పారింది. "ముప్పై దాటింది. భేష్. ఈ వార్డులో చెప్పిన మాట విన్నది మీరొక్కరేనమ్మా." వెంట వచ్చిన మనిషి పెట్టెల కాళ్ళ చుట్టూ ఎర్రరంగుతో గీత గీశాడు. ఆ గీత దాటి జరిపితే అనుమతి రద్దు, పెట్టెలు స్వాధీనం.

దిగబోతూ నేల మీది నీలం గీతలు చూశాడు. "ఇవేమిటి?"

అక్క చెప్పింది. మూర సంగతి, వాన సంగతి, ఎనిమిది రోజులు. ఆయన శ్రద్ధగానే విన్నాడు. తర్వాత నాలిక కరుచుకున్నాడు.

"అయ్యో, అలాగే ఉంచాల్సిందమ్మా! పని జరుగుతున్నట్టు కనబడితే ఇంకో పదిహేను రోజులు రాసిచ్చే అధికారం నాకుంది. ఈ గీతలు చూస్తే కళ్ళు మూసుకుని రాసేవాణ్ణి."

"ఇప్పుడు రాయండి బాబూ. పది రోజులు చాలు. వెనక్కి పెట్టుకుంటాను."

"నిబంధన ప్రకారం ఉన్నదాన్ని నిబంధన తప్పించమని నన్నే అడుగుతున్నారా? పైగా అక్కడ చూడండి."

మేష్టారు కిటికీలో నిలబడి ఉన్నారు.

అక్క నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఎనిమిదో గీత మీద చలికి ముద్దగా కరుచుకున్న ఈగల్ని అట్టముక్క మీదికి మెత్తటి బ్రష్‌తో ఎత్తి, పెట్టె దగ్గరికి మోసుకెళ్ళింది. ఎనిమిది సార్లో పది సార్లో. నేను దీపం పట్టుకున్నాను. మర్నాడు అవే మళ్ళీ ఆ గీత మీదికే వచ్చాయి. అలా ఆరు రోజులు. ఏడోరోజు రాలేదు. వచ్చేవి మిగల్లేదు. మేత తెచ్చేవి లేక మొదటి పెట్టె నెలలో ఖాళీ అయింది. రెండోదానికి పురుగు పట్టింది. అనుమతి పత్రం నలభయ్యో రోజున వచ్చింది, రెండు పెట్టెలకి, రెండేళ్ళకి, గుండ్రటి ముద్రతో.

ఎవరడిగినా "చలికి పోయాయి" అని చెప్పేది. బొగ్గులాయనకి అసలు సంగతి తెలుసు, అయినా అతని ముందు కూడా అదే మాట. నన్ను తిట్టమని ఒకసారి నోరు తెరిచి అడిగాను. "నా కోసమే చేశావుగా, ఏమని తిట్టను?" అంది. ఆ సాయంత్రాల్లో మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఏడు మేష్టారు గుమ్మంలోకొచ్చి, "అమ్మాయ్, నా సీసా ఏదీ?" అన్నారు. నా వొళ్ళు మండింది. అక్క మాత్రం మర్నాడు బజారు నుంచి తేనె తెచ్చి, మా పాత సీసాలో పోసి, మూత మీద గుడ్డ కట్టి ఇచ్చి వచ్చింది. ఆయన అక్కడే వేలు పెట్టి నాకారట. "ఎన్ని చెప్పు, నీ తేనె రుచే వేరు" అన్నారట. ఆ మాట నాకు చెప్పి నవ్వింది. ఆ తర్వాత అంతగా నవ్వగా చూడలేదు. పై ఏడు గుండె ఆగి పోయింది, మిషను మీదే, సగం కుట్టిన చొక్కా మీద చెయ్యి పెట్టుకుని.

ఆమె పోయాక నిబంధనల కాగితం మళ్ళీ చదివాను. దూరం సంగతి ఉన్న చోట ఒక్క వాక్యం చేర్చమని అర్జీ రాశాను: పెట్టె జరపవలసి వస్తే రోజుకు ఒక మూర చొప్పున గడువు ఇవ్వాలని. ఈసారి రెండే వాక్యాలు, చదువుతారేమోనని.

అదే గుమాస్తా. ఈసారి చదివాడు.

"మీకు పెట్టెలున్నాయా?"

"లేవు."

"అనుమతి ఉన్నవాళ్ళే మార్పు అడగాలండి. రూలు." ఇంటి నంబరు అడిగి రిజిస్టరు తిరగేశాడు. వేలు ఒక చోట ఆగింది. "ఇదుగో, మీ ఇంట్లోనే ఉంది కదా, అక్కగారి పేరు మీద. ఇంకా మూడు నెలలు చెల్లుతుంది." అర్జీ నా వైపు నెట్టాడు. "ఆవిణ్ణి ఒకసారి రమ్మనండి, సంతకం పెట్టి వెళ్తారు."