సుగుణ గారి ఏడో లెక్క

తొమ్మిదేళ్లుగా ఒక దొంగతనాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో కంప్యూటర్లు చూసుకునేది నేనే. ఫిజిక్స్ చెప్పే సుగుణ గారు ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసిన లెక్కల ఫైళ్లన్నీ ఆవిడ పేరు మీదే ఉండేవి. వాటిని కొత్త సర్వర్‌లోకి ఎక్కించాక పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. ఏ ఫైలుకి ఓనర్ ఎవరో, ఏ గ్రూపు వాళ్లు దిద్దవచ్చో అదే నిర్ణయిస్తుంది. పని చేస్తుందో లేదో చూద్దామని రెండుచోట్లా నా పేరు పెట్టి, మార్చడం మరిచిపోయి, అలాగే నడిపేశాను. అక్కడివరకూ పొరపాటే. ఒట్టు.

సాయంత్రం డైరెక్టర్ గారు ప్రతి ఫైలు పక్కనా నా పేరు చూసి, ఇదంతా నా కష్టమే అనుకుని మెచ్చుకున్నారు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నెల తిరక్కుండా మెటీరియల్ విభాగానికి హెడ్‌నయ్యాను. ఒక్క వరుస మారిస్తే సరిపోయేదానికి ఎందుకు మార్చలేదని, పొరపాటు ఎక్కడ ఆగి దొంగతనం ఎక్కడ మొదలైందని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా వచ్చే జవాబు ఒకటే. ఆ కుర్చీ బాగుంది.

ఒకరోజు సుగుణ గారు చీటీ పట్టుకుని వచ్చారు.

"కాంతి పాఠంలో ఏడో లెక్కకి జవాబు తప్పు పడిందండీ. దిద్దుదామంటే ఫైలు తెరుచుకుంటోంది గానీ సేవ్ అవట్లా. నా లెక్క నేను దిద్దుకోకూడదా?"

"కొత్త సర్వర్ అంతేనండీ. చీటీ ఇచ్చి వెళ్లండి, నేను చూస్తా."

చూడలేదు. ఆవిడ మా గుడివాడ బ్రాంచికి వెళ్లిపోయారు. చీటీ నా డ్రాయర్‌లో ఉండిపోయింది. తొమ్మిది బ్యాచ్‌ల పిల్లలు ఆ తప్పు జవాబే చదువుకున్నారు.

నిన్న స్టాఫ్ మీటింగులో పెద్ద తెర మీద ఆ పాత ప్రోగ్రాం తెరిచాను. జరిగిందంతా చెప్పాను. నా పేరు కొట్టేసి ఆవిడ పేరు రాశాను. గ్రూపు దగ్గర ఫిజిక్స్ వాళ్లను పెట్టి నడిపాను. వరుస వెంట వరుస ఆవిడ పేరు తెర నిండా దిగుతుంటే ఒళ్లు పులకరించింది. డైరెక్టర్ గారు లేచి వెళ్లిపోయారు. వెళ్తే వెళ్లనీ!

సుగుణ గారికి ఫోన్ చేసి చెప్పాను. క్షమించానని అనలేదు. ఏడో లెక్క దిద్దారా అని మాత్రం అడిగారు. లేదన్నాను. ఫోన్ పెట్టేశారు.

చీటీ తీసి, కనీసం అదైనా దిద్దుదామని కూర్చున్నాను. ఫైలు తెరుచుకుంది. సేవ్ అవలేదు. నాకు అనుమతి లేదట! పడీ పడీ నవ్వాను. కాసేపటికి మళ్లీ తెరిస్తే జవాబు మారి ఉంది. గుడివాడలో కూర్చుని ఆవిడే దిద్దుకున్నారు.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. చెప్పేశాను. ఈ పూట కడుపునిండా అన్నం తిన్నాను.